చుక్క మీద చుక్క

1874 డిసెంబర్ 9 ఉదయం శుక్రుడు సూర్యబింబానికి అడ్డంగా నడిచాడు. విశాఖపట్నం వేళ ప్రకారం ఏడు దాటాక ఒక అంచున లోపలికొచ్చి, మధ్యాహ్నానికి రెండో అంచు దాటిపోయాడు. ఆ నాలుగున్నర గంటల కోసం యూరప్ దేశాలు ఏళ్ల తరబడి ఏర్పాట్లు చేసుకున్నాయి, పరిశీలకుల్ని ఓడలెక్కించి దూరదేశాలకు పంపాయి. భూమ్మీద వేర్వేరు చోట్ల నుంచి చూస్తే శుక్రుడు లోపలికొచ్చిన వేళలో, బయటికెళ్లిన వేళలో చిన్న చిన్న తేడాలుంటాయి. వాటిని పట్టుకుంటే సూర్యుడి దూరం తేలుతుందని వాళ్ల ఆశ. విశాఖపట్నానికి మాత్రం ఎవరూ ఓడెక్కి రానక్కర్లేకపోయింది. అక్కడ అంకితం వెంకట నరసింగరావు ఉన్నారు. ఆయన చేతిలో ఒక వేధశాల ఉంది.

దాన్ని కట్టింది ఆయన మామగారు గోడే వెంకట జగ్గారావు. మద్రాసు వేధశాలలో టేలర్ దొర దగ్గర ఖగోళశాస్త్రం నేర్చుకుని వచ్చి, 1840 ప్రాంతంలో సొంత ఖర్చుతో విశాఖలో నెలకొల్పారు. 1856లో జగ్గారావు పోయాక అల్లుడు దాన్ని నడిపించారు. 1868 నవంబర్ 5న బుధుడు సూర్యుడి మీదుగా పోవడం చూశారు. ఆరేళ్లకు శుక్రుణ్ణి చూశారు. చూసింది చూసినట్టు రాసి లండన్‌లోని రాయల్ ఆస్ట్రనామికల్ సొసైటీకి పంపితే వాళ్ల పత్రికలో అచ్చయింది. మన పాఠ్యపుస్తకాల్లో ఈ మామా అల్లుళ్ల పేర్లు ఎందుకు లేవో నాకు అర్థం కాదు.

నరసింగరావు ఆ ఉదయం చూసింది ఒక చిన్న రాతి గ్రహం తన నక్షత్రానికి అడ్డు రావడం. దీన్ని మన శాస్త్ర పుస్తకాల్లో అంతర్యానం అంటున్నారు. ఇంగ్లీషు చదువుకున్నవాళ్లకు ట్రాన్సిట్ అంటే తొందరగా తెలుస్తుంది. సూర్యుణ్ణి కాక వేరే నక్షత్రాలను చుట్టి తిరిగే గ్రహాలు ఇప్పటికి ఆరు వేల పైచిలుకు ఖాయమయ్యాయి. వాటిలో దాదాపు నాలుగింట మూడొంతులు దొరికింది ఈ దారినే. తేడా ఒక్కటే. నరసింగరావుకు సూర్యుడు పళ్లెమంత బింబంగా కనిపించాడు కాబట్టి దాని మీద నల్లచుక్క కదలడం కంటికి ఆనింది. దూరపు నక్షత్రం ఎంత పెద్ద టెలిస్కోపుకైనా వెలుగుబిందువే. బిందువు మీద మచ్చ కనపడదు. ఆ బిందువు కాసేపు రవ్వంత మసకబారుతుంది, అంతే. ఆ మసకను కొలవాలి.

ఎంత మసక? శుక్రుడు అంతర్యానం వేళ మనకు చాలా దగ్గర్లో ఉంటాడు. అందుకే విశాఖ నుంచి చూసినప్పుడు అతని వెడల్పు సూర్యుడి వెడల్పులో ముప్పయ్యో వంతు కనిపించింది, వెలుగులో వెయ్యో వంతును అడ్డుకుంది. అదే దృశ్యాన్ని వేరే నక్షత్రం దగ్గర నుంచి ఎవరైనా చూస్తే శుక్రుడు ఆపేది పది లక్షల్లో 76 వంతులు. మన భూమి అయితే 84 వంతులు. అంటే పన్నెండు వేల దీపాలు వెలుగుతున్న చోట ఒక్కటి ఆరిపోతే, ఆ సంగతి కొన్ని వందల కాంతి సంవత్సరాల దూరం నుంచి తెలుసుకోవాలన్నమాట. గురుగ్రహం అయితే నూటికి ఒక వంతు ఆపుతుంది. సూర్యుడిలాంటి నక్షత్రాల చుట్టూ మొదట గురుడంత గ్రహాలే దొరికి, రాతి గ్రహాలు మరో పద్నాలుగేళ్లకు గానీ దొరక్కపోవడానికి కారణం ఈ లెక్కే.

పైగా గ్రహం తిరిగే దారి మనకు సరిగ్గా అంచు తిప్పి ఉండాలి. కొంచెం వాలినా గ్రహం నక్షత్రానికి పైనుంచో కిందనుంచో పోతుంది, మసక ఉండదు. సూర్యుడిలాంటి నక్షత్రానికి భూమంత దూరంలో తిరిగే గ్రహం మనకు అలా కలిసిరావడం రెండు వందల్లో ఒక్కటికి జరుగుతుంది. కలిసొచ్చినా ఏడాదికి ఒక్కసారి, మహా అయితే పదమూడు గంటలు. ఒక నక్షత్రాన్ని ఎంచుకుని కూర్చుంటే జీవితాలు చాలవు. లక్ష నక్షత్రాల్ని ఒకేసారి, రాత్రీ పగలూ లేకుండా, ఏళ్ల తరబడి చూడాలి.

*

అంతర్యానం దాకా రాకముందు జనం వేరే దారులు తొక్కారు. మొట్టమొదటి దారి మద్రాసు నుంచే మొదలైంది, పాడుగా మొదలైంది.

సర్పధారి మండలంలో 70 ఒఫియూకి అనే జంట నక్షత్రం ఉంది. మనకు పదహారు కాంతి సంవత్సరాల పైచిలుకు దూరం, చీకటి రాత్రి మామూలు కంటికి కనిపిస్తుంది. రెండు నక్షత్రాలు ఒకదాని చుట్టూ ఒకటి తిరుగుతుంటాయి. 1855లో మద్రాసు వేధశాల అధిపతి కెప్టెన్ జేకబ్ ఆ కదలికను లెక్కించి చూస్తే దారి లెక్కకు లొంగలేదు. కంటికి కనపడని గ్రహమొకటి లాగుతూ ఉండాలని, అలా ఉండటం చాలావరకు నిజమేనని ప్రకటించారు. సౌరకుటుంబం బయట గ్రహం ఉందంటూ కొలతల ఆధారంగా శాస్త్రపత్రికలో వచ్చిన తొలి వాదనల్లో ఇదొకటి. 1890ల్లో అమెరికాలో సీ అనే ఖగోళజ్ఞుడు మళ్లీ అదే వాదన ఎత్తుకున్నాడు. అటువంటి గ్రహం అక్కడ నిలకడగా ఉండలేదని 1899లో మౌల్టన్ లెక్కగట్టి కొట్టేశాడు. గ్రహం లేదు. కొలతల్లో దొర్లిన తేడాలే గ్రహంలా కనిపించాయి.

ఈ కథను జేకబ్‌ను చిన్నచేయడానికి చెప్పడం లేదు. ఆకాశంలో నక్షత్రం స్థానం రవ్వంత జరగడాన్ని కంటితో, తీగలు బిగించిన కంటికటకంతో కొలిచిన రోజులవి. పరికరం తప్పు ఎంతో, గ్రహం లాగుడు ఎంతో విడదీయడం అప్పటి పరికరాలకు సాధ్యమయ్యే పని కాదు. ఈ చిక్కు ఈ రంగాన్ని నేటికీ వదల్లేదు.

రెండో దారి వెలుగును విడదీసి చూడటం. దీనికి కూడా తెలుగునేల మీద ఒక మంచి రోజుంది. 1868 ఆగస్టు 18న సంపూర్ణ సూర్యగ్రహణం. ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు జూల్ జాన్సెన్ గుంటూరులో మకాం వేశాడు. మద్రాసు వేధశాల అధిపతి పాగ్సన్ మచిలీపట్నంలో, ఆయన సహాయకుడు చింతామణి రఘునాథాచారి వనపర్తిలో ఉన్నారు. గ్రహణం వేళ సూర్యుడి అంచున ఎర్రగా ఎగిసే జ్వాలల వెలుగును జాన్సెన్ పట్టకంలో విడదీసి చూస్తే మెరిసే గీతలు కనిపించాయి. అవి మండే వాయువులని తేలిపోయింది. గీతలు ఎంత ప్రకాశంగా ఉన్నాయంటే, మర్నాడు గ్రహణం లేకుండానే గుంటూరు ఎండలో మళ్లీ వాటిని చూశాడు. ఆ గీతల్లో పసుపుపచ్చది ఒకటి భూమ్మీద తెలిసిన ఏ మూలకానిదీ కాదు. దాని మూలకానికే తర్వాత హీలియం అని పేరొచ్చింది.

అదే ఏడాది లండన్‌లో విలియం హగ్గిన్స్ సిరియస్ నక్షత్రం వర్ణపటంలో గీత కొద్దిగా పక్కకు జరిగి ఉండటం చూసి, నక్షత్రం మనవైపు వస్తున్నదా దూరమవుతున్నదా చెప్పే ప్రయత్నం చేశాడు. ఇక్కడి నుంచి గ్రహాల దాకా దారి తిన్ననిదే, పొడుగు మాత్రం 127 ఏళ్లు. గ్రహం నక్షత్రం చుట్టూ తిరుగుతుంటే నక్షత్రం కూడా ఉన్నచోట ఉండక కొద్దిగా ఊగుతుంది. మనవైపు ఊగినప్పుడు వర్ణపటం గీతలు నీలం వైపు, అవతలికి ఊగినప్పుడు ఎరుపు వైపు జరుగుతాయి. 1995లో జెనీవాకు చెందిన మేయర్, కెలోజ్ 51 పెగాసీ అనే నక్షత్రంలో నాలుగు రోజుల పైచిలుకుకోసారి వచ్చే ఊపును పట్టుకున్నారు. సూర్యుడిలాంటి నక్షత్రం చుట్టూ దొరికిన తొలి గ్రహం అది. గురుడికి సగం బరువు. 2019లో నోబెల్ వచ్చింది.

రాతి గ్రహం ఊపు మరీ సన్నం. గురుడు సూర్యుణ్ణి సెకనుకు పన్నెండున్నర మీటర్ల వేగంతో ఊపితే, భూమి ఊపేది తొమ్మిది సెంటీమీటర్లే. నక్షత్రం ఉపరితలం మీద వాయువులు కుతకుతలాడే వేగం అంతకన్నా చాలా ఎక్కువ. అందుకే వర్ణపటం ఒక్కదాన్ని నమ్ముకుంటే భూమంత గ్రహం దొరకడం కష్టం. ఎర్రటి చిన్న నక్షత్రం దొరికితే వేరే సంగతి. మనకు అతి దగ్గరి నక్షత్రం ప్రాక్సిమా సెంటారీ చుట్టూ 11 రోజులకోసారి తిరిగే గ్రహాన్ని 2016లో ఊపుతోనే పట్టారు. దూరం 4.2 కాంతి సంవత్సరాలు. నక్షత్రం చిన్నది కాబట్టే ఊపు కనిపించింది.

*

అంతర్యానం దారిలో చిన్న గ్రహాల్ని పట్టవచ్చని పట్టుబట్టిన మనిషి నాసాలో పనిచేసిన విలియం బొరుకి. 1992లో ప్రతిపాదన పెట్టారు, తోసిపుచ్చారు. 1994లో పెట్టారు, 1996లో పెట్టారు, 1998లో పెట్టారు. ప్రతిసారీ అదే జవాబు. పన్నెండు వేల్లో ఒక వంతు మసకను అంతరిక్షంలో ఊగే పరికరంతో ఎవరు కొలవగలరు అన్నది అందరి అనుమానం. బొరుకి బృందం వాదన మానేసి ప్రయోగశాలలో ఒక కృత్రిమ ఆకాశం చేసింది. లోహపు పలకకు సన్నని రంధ్రాలు పొడిచి వెనకనుంచి వెలుగు పంపితే నక్షత్రాలు. కొన్ని రంధ్రాల మీద వెంట్రుకకన్నా సన్నని తీగ. తీగలోకి కరెంటు పంపితే వేడెక్కి కొంచెం ఉబ్బుతుంది, రంధ్రంలోంచి వచ్చే వెలుగు ఆ మేర తగ్గుతుంది. గ్రహం అడ్డు వచ్చినట్టే. కెమెరాను కావాలని కదిలించారు, నక్షత్రాల్ని జరిపారు. అయినా ఆ ఉబ్బు అందింది. 2001లో కెప్లర్ అనే ఆ టెలిస్కోపుకు నాసా ఒప్పుకుంది. నాకు ఈ తీగ ముక్క కథ అంటే మొత్తం కెప్లర్ యాత్ర అంత ఇష్టం.

కెప్లర్ టెలిస్కోపు 2009 మార్చిలో ఎగిరింది. మీటరుకు కొంచెం తక్కువ ద్వారం, 42 కాంతిగ్రాహక చిప్పులు. ఆకాశంలో ఒకే ఒక చోటును చూస్తూ నాలుగేళ్లు గడిపింది. లక్షన్నర నక్షత్రాల వెలుగును అరగంటకోసారి కొలిచింది. ఇంతకీ అది చూసిన చోటును మీరు మీ వాకిట్లోంచి చూడవచ్చు. భూపాలపల్లి జిల్లా ఘనపూర్‌లో కోటగుళ్ల దగ్గరో, జనగామ జిల్లా స్టేషన్ ఘనపూర్‌లో ఊరవతలి చేనుగట్టు మీదో, దీపాలకు దూరంగా నిలబడండి. ఆశ్వయుజ మాసంలో రాత్రి ఎనిమిది ప్రాంతంలో ఉత్తరం వైపు తిరిగి తల బాగా పైకెత్తితే ఎడమచేతి వైపు తెల్లగా మెరిసేది అభిజిత్. కుడివైపు హంస మండలం తోక దగ్గర మరో ప్రకాశమైన నక్షత్రం, డెనెబ్. ఆ రెండింటి నడుమ చెయ్యి చాచి అరచెయ్యి తెరిస్తే కప్పుకుపోయే మేర ఉందే, కెప్లర్ చూసింది దాదాపు అంతే. రెండు వేలకు పైగా ఖాయమైన గ్రహాలు దొరికిన తావు ఆ అరచేయి.

ఆ చోటుతో హైదరాబాద్‌కు పాత చుట్టరికం ఉంది. నవాబ్ జఫర్ జంగ్ 1901లో మొదలుపెట్టిన నిజామియా వేధశాల ఆయన తర్వాత నిజాం ప్రభుత్వం చేతికొచ్చి బేగంపేటలో స్థిరపడింది. ప్రపంచంలోని పలు వేధశాలలు ఆకాశాన్ని పంచుకుని ఫొటో పలకల మీద నక్షత్రాల స్థానాలు కొలిచే పెద్ద పథకం ఒకటి అప్పుడు నడిచేది. జర్మనీలోని పోట్స్‌డామ్ తన వాటా పూర్తిచేయలేకపోతే అందులో 36 నుంచి 39 డిగ్రీల ఉత్తర పట్టీ హైదరాబాద్‌కు వచ్చింది. కెప్లర్ చూసిన చోటు కింది అంచు ఈ పట్టీలోనే పడుతుంది. అంటే ఏ నక్షత్రాల గ్రహాల్ని తర్వాత లోకమంతా లెక్కపెట్టిందో, ఆ నక్షత్రాలున్న ఆకాశంలో ఒక ముక్కను బేగంపేటలో మనవాళ్లు గాజు పలకల మీద అంతకు డెబ్భై ఎనభై ఏళ్ల ముందే కొలిచి పెట్టారు.

కెప్లర్‌కు ముందే ఒక రాతి గ్రహం బయటపడింది. ఫ్రెంచివారి కొరోట్ టెలిస్కోపు 2009లో కొరోట్-7బీని పట్టింది. అయితే ఆ నక్షత్రం మీద మచ్చలెక్కువ, గ్రహం బరువు మీద ఏళ్లపాటు తగాదా నడిచింది. తగాదాకు తావులేని తొలి రాతి గ్రహం 2011 జనవరిలో కెప్లర్ బృందం, నటాలీ బటాల్యా ముందుండి, ప్రకటించిన కెప్లర్-10బీ. దీన్ని కొంచెం దగ్గరగా చూద్దాం, ఎందుకంటే ఒక గ్రహం రాతిదని ఎలా చెబుతారో దీనిలో తేటగా ఉంది.

నక్షత్రం దాదాపు సూర్యుడంత. ప్రతి ఇరవై గంటలకోసారి దాని వెలుగు ఆరున్నర వేల వంతుల్లో ఒక వంతు తగ్గింది. నక్షత్రం వెడల్పు తెలుసు కాబట్టి ఆ తగ్గుదలకు వర్గమూలం తీస్తే గ్రహం వెడల్పు వచ్చేస్తుంది: భూమికి ఒకటిన్నర రెట్లకు కాస్త తక్కువ. ఇక్కడ ఆగిపోతే అది రాయో, ఆవిరి ముద్దో తెలీదు. హవాయిలోని కెక్ టెలిస్కోపుతో అదే నక్షత్రం వర్ణపటాన్ని చూశారు. ఊపు సెకనుకు మూడు మీటర్ల చిల్లర, అదే ఇరవై గంటల తాళానికి. దాంతో బరువు తేలింది, అప్పటి లెక్కకు భూమికి నాలుగున్నర రెట్లు. బరువును ఘనపరిమాణంతో భాగిస్తే సాంద్రత భూమికి తగ్గలేదు. నీటితో, వాయువుతో అంత సాంద్రత రాదు. రాయి, ఇనుము ఉంటేనే వస్తుంది. వెడల్పు చెప్పింది విశాఖ దారి, బరువు చెప్పింది గుంటూరు దారి. రెండూ ఒకే నక్షత్రం మీద కలిస్తేనే రాతి గ్రహం.

అలాగని అక్కడ కాలు పెట్టే నేల ఉందనుకోకండి. సూర్యుడి నుంచి బుధుడెంత దూరమో అందులో ఇరవయ్యో వంతు దూరంలో తిరుగుతోంది. పగటివైపు వేడి 1,500 డిగ్రీలకు పైమాటే. నేలంతా కరిగిన లావా అయ్యుంటుంది.

ఆ తర్వాత గ్రహాలు వరసకట్టాయి. 2013లో కెప్లర్-37బీ, మన చందమామకన్నా కొంచెమే పెద్దది. 2014లో కెప్లర్-186ఎఫ్, భూమంత ఉండి, నీరు ద్రవంగా నిలవగల దూరంలో తిరుగుతున్న మొదటిది. 2013లోనే టెలిస్కోపును నిలకడగా పట్టే చక్రాల్లో రెండోది కూడా చెడిపోయింది. సూర్యకాంతి ఒత్తిడినే ఆసరాగా చేసుకుని మరో నాలుగేళ్ల పైన నెట్టుకొచ్చారు. 2018 అక్టోబర్‌లో ఇంధనం అయిపోయింది. ఇన్ని గ్రహాల్ని ఒకచోట పేర్చి చూస్తే ఒక సంగతి కొట్టొచ్చినట్టు కనపడింది. భూమికి ఒకటిన్నర రెట్ల నుంచి రెండు రెట్ల మధ్య వెడల్పున్న గ్రహాలు తక్కువ. అటు చిన్నవి, ఇటు పెద్దవి, మధ్యలో ఖాళీ. ఆ ఖాళీకి కిందున్నవి దాదాపు రాళ్లు. పైనున్నవి దట్టమైన వాయువు దుప్పటి కప్పుకున్నవి.

*

వెలుగు తగ్గినంత మాత్రాన గ్రహం కాదు. ఈ సంగతి ఉస్మానియా ఖగోళశాఖ వాళ్లను అడిగితే ఇంకా బాగా చెబుతారు. హైదరాబాద్‌కు దగ్గర్లోని జపాల్-రంగాపూర్‌లో 1968 నుంచి 48 అంగుళాల టెలిస్కోపు పనిచేసింది. కె.డి. అభ్యంకర్, ఎం.బి.కె. శర్మ వంటివాళ్ల హయాంలో అక్కడ సాగిన ముఖ్యమైన పని గ్రహణాలు పట్టే జంట నక్షత్రాల వెలుగు కొలవడం. రెండు నక్షత్రాలు ఒకదాన్నొకటి మరుగుపరుస్తుంటే వెలుగు తగ్గుతూ పెరుగుతూ ఉంటుంది. అంతర్యానం లెక్కా ఇదే, అడ్డొచ్చేది నక్షత్రం బదులు గ్రహం. ఇలాంటి కొలతలో నక్షత్రాన్ని చిన్న రంధ్రంలోకి తెచ్చి ఒక కొలత తీస్తారు, పక్కనున్న ఖాళీ ఆకాశానిది ఒకటి, మారని పొరుగు నక్షత్రానిది ఒకటి, మళ్లీ మొదటిది. తెల్లవార్లూ ఇదే. చలిలో, దోమల్లో ఈ విసుగుపనిని భరించినవాళ్ల తెలివే ఈ రంగానికి మూలధనం.

కెప్లర్ చూసిన నక్షత్రం వెనక, అదే గీతలో, చాలా దూరాన ఇలాంటి జంట ఒకటి ఉందనుకోండి. ఆ జంటలో గ్రహణం పట్టినప్పుడు ముందున్న నక్షత్రం వెలుగుతో కలిసిపోయి మొత్తం మసక చాలా చిన్నగా, అచ్చం రాతి గ్రహంలా కనిపిస్తుంది. వీటిని ఏరిపారేయడమే కెప్లర్ బృందానికి సగం పని. జేకబ్ దొర పడ్డ గోతిలో మళ్లీ పడకూడదుగా.

జేకబ్ పనిచేసిన మద్రాసు వేధశాలకు ఆ తర్వాత మంచి రోజొచ్చింది. అది కొడైకెనాల్‌కు తరలి, చివరికి బెంగళూరు కేంద్రంగా భారత ఖగోళభౌతిక సంస్థ అయింది. లదాఖ్‌లోని హాన్లేలో నాలుగున్నర వేల మీటర్ల ఎత్తున ఆ సంస్థకు రెండు మీటర్ల హిమాలయన్ చంద్ర టెలిస్కోపు ఉంది. బెంగళూరు దగ్గర హొసకోటె నుంచే దాన్ని నడుపుతారు. 2015లో బెల్జియంకు చెందిన మికేల్ గిల్లాన్ బృందం చిలీలోని ట్రాపిస్ట్ అనే అరవై సెంటీమీటర్ల చిన్న టెలిస్కోపుతో కుంభరాశిలోని ఒక మసక నక్షత్రం తగ్గుతూ ఉండటం గమనించింది. చిలీలో తెల్లవారితే నక్షత్రాన్ని పట్టుకోవడానికి వేరే దేశాల్లో కళ్లు కావాలి. అలా చూసిన టెలిస్కోపుల్లో హాన్లేది ఒకటి. 2016 మేలో మూడు గ్రహాలని ప్రకటించారు. స్పిట్జర్ అంతరిక్ష టెలిస్కోపు ఇరవై రోజులు ఏకబిగిన చూశాక, మరుసటేడు ఏడని తేలింది. మూడోదని అనుకున్నది నిజానికి వేర్వేరు గ్రహాల మసకలు కలగలిసిన లెక్క. 160 ఏళ్ల కింద లేని గ్రహాన్ని ఉందన్న సంస్థ వారసులు ఈసారి ఉన్న గ్రహాల్ని పట్టడంలో చేయివేశారు.

ట్రాపిస్ట్-1 నక్షత్రం గురుడికన్నా కొంచెమే పెద్దది. అందుకే భూమంత గ్రహం అడ్డొస్తే వెలుగు వెయ్యికి ఆరు వంతులు తగ్గుతుంది. సూర్యుడి విషయంలో కన్నా డెబ్భై రెట్లు ఎక్కువ. చిన్న గ్రహం కావాలంటే చిన్న నక్షత్రం దగ్గర వెతకాలన్న పాఠం ఇక్కడ స్థిరపడింది. ఏడూ దాదాపు భూమంతవే. లోపలిది ఒకటిన్నర రోజుల్లో, బయటిది పందొమ్మిది రోజుల్లో చుట్టి వస్తాయి. అంత దగ్గర దగ్గరగా ఉండటం వల్ల ఒకదాన్నొకటి లాగి అంతర్యానం వేళలు కొన్ని నిమిషాలు ముందూ వెనకా అవుతాయి. ఆ తేడాల నుంచే బరువులు తేల్చారు. అన్నీ రాతివే, సాంద్రత భూమికన్నా కాస్త తక్కువ.

*

ఇక వార్తాపత్రికల సంగతి. కర్కాటక రాశిలో 55 కాంక్రీ అనే నక్షత్రం 41 కాంతి సంవత్సరాల దూరంలో ఉంది. దాని లోపలి గ్రహం పద్దెనిమిది గంటల్లోపే చుట్టి వస్తుంది. 2012లో, ఐఐటీ బీహెచ్‌యూలో చదివి ఎంఐటీలో డాక్టరేట్ చేసిన నిక్కు మధుసూదన్ ఆధ్వర్యంలో వచ్చిన పరిశోధన, ఆ నక్షత్రంలో కర్బనం ఎక్కువన్న కొలతల ఆధారంగా గ్రహం లోపల వజ్రం దండిగా ఉండవచ్చని సూచించింది. అదొక నమూనా. పత్రికలకు మాత్రం వజ్రాల గ్రహం దొరికిపోయింది. కొల్లూరు వజ్రాల కథలు విని పెరిగిన మనకు నోరూరకుండా ఉంటుందా! మరుసటేడే వేరే కొలతలు నక్షత్రంలో కర్బనం అంత లేదన్నాయి. 2024లో జేమ్స్ వెబ్ టెలిస్కోపు ఆ గ్రహం చుట్టూ కర్బన వాయువుల వాతావరణం ఉన్నట్టు సూచనలు చూసింది. వజ్రం మాట వెనక్కి పోయింది. ఆ గ్రహానికి అంతర్జాతీయ ఖగోళ సంఘం పెట్టిన పేరు జాన్సెన్. గుంటూరు జాన్సెన్ కాదు, డచ్చి కళ్లద్దాల పనివాడు జకరియాస్ జాన్సెన్.

ట్రాపిస్ట్ గ్రహాల్లో మొదటిదాని పగటివైపు వేడిని వెబ్ 2023లో కొలిస్తే సుమారు 230 డిగ్రీలు వచ్చింది. గాలి ఉంటే వేడి రాత్రివైపు పంచుకుపోయి కొలత తగ్గాలి. తగ్గలేదు. గాలి దాదాపు లేదు. రెండోదానికీ దట్టమైన వాతావరణం కనిపించలేదు. మిగతావాటి పరీక్ష నడుస్తోంది. కాబట్టి ‘రెండో భూమి’ అన్న శీర్షిక కనిపించినప్పుడల్లా రెండు ప్రశ్నలు అడగండి. వెడల్పు తెలుసా, బరువు తెలుసా? చాలాసార్లు ఒక్కటే తెలిసి ఉంటుంది. గాలి గురించి, నీటి గురించి అప్పటికి తెలిసింది సున్నా. బరువు, వెడల్పు, దూరం మూడూ సరిపోయినా శుక్రుణ్ణి మరవకండి. దూరం నుంచి చూసేవాడికి శుక్రుడు కూడా రెండో భూమే. అక్కడి నేల మీద సీసం కరుగుతుంది.

నరసింగరావు చూసింది మీరూ చూడాలనుకుంటే శుక్రుడి వంతు 2117 డిసెంబర్ దాకా రాదు. బుధుడు ఉన్నాడు. 2032 నవంబర్ 13, శనివారం మధ్యాహ్నం పన్నెండు దాటాక సూర్యుడి మీదికొచ్చి సాయంత్రం నాలుగున్నర దాకా నడుస్తాడు. రెండు ఘనపూర్‌ల నుంచీ మొదలు తుది మొత్తం కనిపిస్తుంది. సూర్యుడి వెడల్పులో రెండు వందల్లో ఒక వంతు చుక్క కాబట్టి కంటికి ఆనడు, టెలిస్కోపు కావాలి. సూర్యుడి వడపోత అద్దం టెలిస్కోపు ముందుభాగానికి బిగించకుండా ఎవరినీ అందులోంచి చూడనివ్వకండి, లేదా బింబాన్ని తెల్లకాగితం మీద పడేట్టు అమర్చండి. బడి పిల్లలున్న ఊళ్లలో ఉపాధ్యాయులు ఈ తేదీని ఇప్పుడే రాసిపెట్టుకోవాలి.